తిలాపాపం తలా పిడికెడు

(ఒక సాయంకాలం సభలో చేసిన ప్రసంగం. మళ్లీ మళ్లీ దొర్లిన మాటలు తీసేసి, మిగతాదంతా మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచిన పాఠం.)

అందరికీ నమస్కారం.

ముందే ఒక మాట చెప్పేస్తే మంచిది. మీలో కొందరు, "పెద్దాయన నాలుగు ధైర్యం మాటలు చెబుతాడు, విని ఇంటికెళదాం" అని వచ్చి ఉంటారు. ఆ పని నా వల్ల కాదు. ప్రపంచం మీరనుకున్నంత పాడైపోలేదండీ, ఇదిగో గ్రాఫు చూడండి అని చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు చెప్పేది అబద్ధమూ కాదు. 1990లో అయిదేళ్లు నిండకుండానే చనిపోయిన పిల్లలు ప్రపంచం మొత్తమ్మీద కోటీ 25 లక్షలకు పైనే. 2022కి ఆ సంఖ్య 50 లక్షల లోపుకు దిగింది. చిన్న విషయమా? కాదు. కానీ మనుషుల మీద మనసు విరిగిపోయి కూర్చున్నవాడి ముందు ఈ లెక్క పెట్టి చూడండి. "మరి ఆ 50 లక్షల మంది సంగతేమిటి?" అంటాడు. దానికి గ్రాఫు దగ్గర జవాబు లేదు.

అసలు ఈ విషయం ఎత్తుకోడానికి కారణం ఒక అమ్మాయి. నేను ముప్ఫై ఏళ్లకు పైగా చరిత్ర పాఠాలు చెప్పాను, ఆమె నా దగ్గర చదువుకుంది. ఇప్పుడు ఆమె ఉద్యోగం ఏమిటంటే, జనం ఇంటర్నెట్‌లో పెట్టే వీడియోల్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని రోజంతా కూర్చుని చూడటం. మంచివి ఆమె దాకా రావు కదా. వచ్చేవన్నీ ఎవరో ఒకరు ఫిర్యాదు చేసినవే. కొట్టడాలు, హింసించడాలు, నోరులేని జంతువుల్ని ఏడిపించి నవ్వుకోవడాలు. రెండేళ్లు చేశాక ఒకరోజు ఫోన్ చేసి, "మాస్టారూ, నాకు ఫలానావాడి మీద కోపం అని కాదు. మనిషి జాతి మీదే అసహ్యం వేస్తోంది. మనం లేకపోతేనే ఈ భూమికి మంచిదేమో" అంది.

మాస్టారిని కదా, వెంటనే పాఠం మొదలుపెట్టాను. గుహల్లో బతికినవాళ్లం, ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చామో చూడమ్మా అని. ఆమె మధ్యలోనే ఆపేసింది. "మాస్టారూ, క్లాసులో చెప్పినట్టు చెప్పకండి, ప్లీజ్" అంది. (నవ్వులు) ఆ తర్వాత ఆమెకి ఏం చెప్పాలో తేల్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. అదే ఇవాళ మీ ముందు పెడుతున్నాను. తప్పైతే తిట్టండి.

ముందు ఆమె వైపు నుంచే మాట్లాడతాను. చరిత్ర మాస్టారికి ఆ పని కష్టం కాదు, సరుకంతా మా దగ్గరే ఉంటుంది. 1741లో బేరింగ్ అనే నావికుడి నాయకత్వాన వెళ్లిన ఒక రష్యన్ ఓడ ఉత్తర పసిఫిక్‌లో మనుషులెవరూ లేని ఒక దీవి దగ్గర చిక్కుకుపోయింది. ఆ దీవి చుట్టూ లోతు తక్కువ నీళ్లలో ఎనిమిది మీటర్ల పొడవుండే జంతువులు సముద్రపు నాచు మేస్తూ కనిపించాయి. వాటికి సముద్రపు ఆవులని పేరు పెట్టారు. ఓడలో ఉన్న స్టెల్లర్ అనే ప్రకృతి శాస్త్రవేత్త వాటి గురించి రాసిపెట్టాడు. ఒకదానికి కొక్కెం గుచ్చి లాగుతుంటే మిగతావి చుట్టూ చేరి విడిపించాలని చూసేవట. ఒక ఆడదాన్ని చంపి ఒడ్డున పడేస్తే, దాని జత వరసగా రెండు రోజులు ఒడ్డు దాకా వచ్చి చూసి వెళ్లిందట. చావుకు దగ్గరపడ్డ ఆ నావికుల్ని బతికించింది కూడా ఆ మాంసమే. ఆ కృతజ్ఞత ఎక్కడికి పోయిందో మరి, ఆ తర్వాత ఆ దారిన వెళ్లిన వేటగాళ్లంతా వాటి మీదే పడ్డారు. 1768 తర్వాత ఆ జంతువు మళ్లీ కనిపించలేదు. చూసిన నాటి నుంచి తుడిచిపెట్టే దాకా 27 ఏళ్లు.

ఇంకొకటి చెప్పి ముందుకెళతాను. 1833లో బ్రిటన్ తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. గొప్ప రోజు అని మేమందరం క్లాసుల్లో చెప్పాం. పిల్లలు అడగనిది, మేం చెప్పనిది ఏమిటంటే, ఆ సందర్భంగా 2 కోట్ల పౌన్లు నష్టపరిహారం ఇచ్చారు. ఎవరికి? బానిసల యజమానులకి! ఆస్తి పోయింది కదా పాపం. బానిసలుగా బతికినవాళ్లకి ఒక్క పెన్నీ రాలేదు సరికదా, అప్రెంటిస్‌లు అని పేరు మార్చి ఇంకో నాలుగేళ్లు ఊరికే చాకిరీ చేయించుకున్నారు. ఆ పరిహారం కోసం చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో. అంటే నేను ఉద్యోగం చేస్తున్న రోజుల్లో కూడా అక్కడి జనం కట్టిన పన్నుల్లోంచి దాని వాయిదాలు వెళ్తూనే ఉన్నాయన్నమాట.

ఇట్లాంటివి తెల్లారేదాకా చెప్పొచ్చు. ఆమె మాటే నిజమనిపిస్తుంది. కానీ వీటిలో ఒక కథని కాస్త దగ్గరగా చూద్దాం. దగ్గరగా చూస్తే నాకు వేరే సంగతి కనబడింది.

సీసం కథ అది. 1920ల మొదట్లో కార్ల ఇంజిన్లకి ఒక జబ్బుండేది. లోపల పెట్రోలు వేళ కాని వేళ మండి టకటకమని కొట్టుకునేది. జనరల్ మోటార్స్ వాళ్ల ల్యాబులో థామస్ మిడ్జ్లీ అనే ఇంజినీరు, 1921 డిసెంబరులో, పెట్రోల్లో టెట్రాఇథైల్ లెడ్ కాస్త కలిపితే ఆ శబ్దం ఆగిపోతుందని కనుక్కున్నాడు. లెడ్ అంటే సీసం. సీసం విషమని అప్పటికి ఎవరికీ తెలియక కాదు, రోమన్ల కాలం నుంచీ తెలుసు. ఆల్కహాల్ కలిపినా ఇంజిన్ కుదురుగా నడుస్తుందని కూడా తెలుసు. కానీ ఆల్కహాల్ మీద పేటెంటు తీసుకోలేరు. ఎవడైనా తయారు చేసుకోవచ్చు. అందుకని సీసం. అమ్మేటప్పుడు దాని పేరేం పెట్టారో తెలుసా? "ఇథైల్". సీసం అన్న ముక్క ఎక్కడా రాకుండా చూసుకున్నారు. నాకన్నిటికన్నా కోపం తెప్పించేది ఆ పేరే. తెలియకపోతే అంత జాగ్రత్తగా పేరు పెట్టరు కదా.

మిడ్జ్లీకే సీసం ఎక్కి, 1923 మొదట్లో కొన్ని వారాలు విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చింది. మరుసటేడు న్యూజెర్సీలో దాన్ని తయారుచేసే చోట కార్మికులు మతి తప్పి, మూర్ఛలొచ్చి, అయిదుగురు చనిపోయారు. పిచ్చి గ్యాసు అని వాళ్లలో వాళ్లు పేరు పెట్టుకున్నారు. అప్పుడు మిడ్జ్లీ విలేఖరుల్ని పిలిచి, వాళ్ల కళ్ల ముందే ఆ ద్రవాన్ని చేతుల మీద పోసుకుని రుద్దుకున్నాడు. నిమిషం పాటు దాని వాసన పీల్చి, చూశారా, నాకేమీ కాలేదు అన్నాడు. అప్పటికే తనకి జబ్బు చేసి లేచిన మనిషి!

ఇక్కడ ఇంకో మనిషిని చూడాలి. ఆలిస్ హామిల్టన్. డాక్టరు. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో పాఠాలు చెప్పిన మొదటి మహిళ. ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ తిరిగి సీసం మనిషిని ఏం చేస్తుందో చూసిన మనిషి. 1925లో ఈ వ్యవహారం మీద వాషింగ్టన్‌లో సమావేశం పెడితే, అక్కడికి వెళ్లి ఇది ప్రమాదం, వద్దు అని నిలబడి చెప్పారు. ఇంకొందరూ చెప్పారు. వినలేదు. ఆ తర్వాత యాభై ఏళ్ల పాటు ఈ భూమ్మీద పుట్టిన పిల్లలంతా ఎంతో కొంత ఆ సీసం పీల్చుకున్నారు. క్లేర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త భూమి వయసు లెక్కగడదామని కూర్చుంటే, ల్యాబులో ఎక్కడ చూసినా సీసమే తగిలి లెక్క కుదరలేదు. ఆ లెక్క ఎట్లాగో తేల్చాడు, 1956లో, 455 కోట్ల ఏళ్లని. తేల్చేశాక ఊరుకోలేదు. ఇంత సీసం ఎక్కడి నుంచి వచ్చిందని తవ్వుకుంటూ పోయి, పరిశ్రమతో ఏళ్ల తరబడి పోట్లాట పెట్టుకున్నాడు. చివరికి ఒక్కో దేశం మానేస్తూ వచ్చింది. ఆఖరుగా అల్జీరియాలో 2021లో ఆగింది. దాదాపు నూరేళ్లు.

ఇప్పుడు చెప్పండి, గాలిలో సీసం కలిపింది ఎవరు? మనిషి జాతి అంటారా? జాతిలో ఆలిస్ హామిల్టన్ కూడా ఉన్నారే. చనిపోయిన ఆ అయిదుగురు కార్మికులూ ఉన్నారు. ఆ పొగ పీల్చిన పసిపిల్లలూ ఉన్నారు. వాళ్లందర్నీ మిడ్జ్లీతో కలిపి ఒకే బోనులో నిలబెట్టి, "మనిషి ఇంతే" అని తీర్పు చెబితే ఎవరికి లాభం? పేటెంటు తీసుకున్నవాళ్లకి. తిలాపాపం తలా పిడికెడు అన్నారు. పాపాన్ని 800 కోట్ల మందికి సమానంగా పంచి చూడండి, తలకి నువ్వు గింజంత కూడా రాదు. దోషి హాయిగా ఇంటికెళ్లిపోతాడు.

ఆ అమ్మాయికి నేను మొదట చెప్పాల్సిన మాట ఇదేననిపించింది. అమ్మా, నిరాశ పడు, వద్దనను. కానీ పేరు పెట్టి పడు. ఏ మనిషి, ఏ సంవత్సరం, ఏం తెలిసుండి ఏం చేశాడు. సముద్రపు ఆవుల్ని చంపింది తోళ్ల వ్యాపారానికి బొచ్చు జంతువుల వెంట పడ్డ వేటగాళ్లు. యజమానులకి పరిహారం ఇవ్వమని ఓటేసింది ఒక పార్లమెంటు, అందులో కూర్చున్నవాళ్లలో యజమానులే కొందరు.

ఇంతవరకూ బాగానే ఉంది. నా మీదికి రానంతవరకూ. (నవ్వులు)

చాలా ఏళ్ల కిందటి మాట. సన్నగా తుంపర పడుతోంది. స్కూటర్ మీద ఇంటికొస్తున్నాను. రోడ్డు పక్కన ఒకాయన పడి ఉన్నాడు, పక్కన సైకిలు. చూశాను. వెనక వచ్చేవాళ్లెవరో ఆగుతారులే అనుకుని వచ్చేశాను. ఆ రాత్రి భోజనం దగ్గర మా ఆవిడతో అంటున్నాను, ఈ రోజుల్లో జనంలో జాలన్నది చచ్చిపోయింది, రోడ్డు మీద మనిషి పడిపోతే ఒక్కడు ఆగడు అని. ఆవిడ కంచంలోంచి తలెత్తకుండానే, "మీరు ఆగారా?" అని అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ సైకిలు ముందు చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. అంటే ఆయన పడి అర నిమిషం కూడా కాలేదు. నాకన్నా ముందు ఎవరూ చూసి ఉండరు. ఆగనిది జనం కాదు, నేను. "మనుషులు" అని మొదలుపెట్టిన ఆ వాక్యంలో నన్ను నేను మెల్లగా పక్కకి తప్పించుకున్నాను. జాతి మీద నిరాశ పడటంలో ఇంత సుఖం ఉంది చూశారా? మిడ్జ్లీనీ దాచేస్తుంది, నన్నూ దాచేస్తుంది.

దీని మీద చాలా ప్రసిద్ధమైన కథ ఒకటుంది. 1964లో న్యూయార్క్‌లో కిటీ జెనొవీస్ అనే యువతిని ఆమె ఇంటి దగ్గరే ఒకడు పొడిచి చంపాడు. కిటికీల్లోంచి 38 మంది చూస్తూ ఉండిపోయారు, ఒక్కరూ పోలీసుల్ని పిలవలేదు అని పెద్ద పత్రికలో వచ్చింది. ప్రపంచమంతా ఆ కథ చెప్పుకుంది. నేను కూడా క్లాసులో చెప్పాను, ఒకసారి కాదు. తర్వాత తేలిందేమిటంటే, 38 మంది చూస్తూ నిలబడ్డారన్నది నిజం కాదు. చాలామంది కేకలు విన్నారంతే, ఏం జరుగుతోందో పూర్తిగా చూసినవాళ్లు బహు కొద్దిమంది. పోలీసులకి ఫోన్లు వెళ్లాయన్నవాళ్లూ ఉన్నారు. ఒక పొరుగావిడైతే హంతకుడు ఇంకా అక్కడే ఉన్నాడేమో కూడా చూసుకోకుండా కిందికి పరిగెత్తి, ఆ అమ్మాయిని ఒళ్లోకి తీసుకుని అంబులెన్సు వచ్చేదాకా కూర్చుంది. కథలోంచి ఆవిడని తీసేశారు. ఆ వార్త రాసిన పత్రికే 2016లో తమ కథనంలో లోపాలున్నాయని ఒప్పుకుంది.

2019లో కొందరు పరిశోధకులు సీసీ కెమెరాల్లో రికార్డయిన వీధి కొట్లాటలు 219 తీసుకుని చూశారు. మూడు దేశాల నగరాలు. పదింట తొమ్మిదింటిలో చుట్టూ ఉన్నవాళ్లలో కనీసం ఒకరు కలగజేసుకున్నారు. జనం ఎక్కువగా ఉన్నచోట ఎవరో ఒకరు ముందుకు రావడం ఇంకా ఎక్కువ. అది చదివినప్పుడు నాకు సంతోషం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది. ఆ పదో దాంట్లో ఉన్నది నేనే కదా. ఆ అమ్మాయి చూసే వీడియోల సంగతి కూడా అప్పుడే వెలిగింది. విడదీసినవాడు కనబడే వీడియో మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు?

మిల్‌గ్రామ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం గురించి మీరు వినే ఉంటారు. 1961లో యేల్ యూనివర్సిటీలో మొదలైంది. పేపర్లో ప్రకటన చూసి వచ్చిన మామూలు మనుషులు. ముందర ఒక బోర్డు, దాని మీద వరసగా 30 స్విచ్‌లు, 15 వోల్టుల నుంచి 450 దాకా. పక్క గదిలో ఉన్నాయన తప్పు జవాబు చెప్పినప్పుడల్లా ఒక మెట్టు ఎక్కువ షాక్ ఇవ్వాలి. నిజానికి కరెంటూ లేదు, గిరెంటూ లేదు. లోపలున్నది నటుడు. కానీ స్విచ్ నొక్కేవాడికి ఆ సంగతి తెలియదు. పక్కన కోటు వేసుకున్న ఒకాయన నిలబడి "కానివ్వండి, ఆపడానికి లేదు" అంటుంటాడు. 40 మందిలో 26 మంది చివరి స్విచ్ దాకా వెళ్లారు.

ఇక్కడిదాకానే అందరూ చెబుతారు. మనిషి లోపల రాక్షసుడున్నాడని నిరూపణ అయిపోయింది, టీ తాగి ఇంటికెళదాం. (నవ్వులు) మిల్‌గ్రామ్ ఈ ప్రయోగాన్ని చాలా రకాలుగా మార్చి మార్చి చేశాడు. ఒక దాంట్లో స్విచ్‌ల దగ్గర ముగ్గుర్ని కూర్చోబెట్టాడు. ఇద్దరు ఆయన మనుషులే. మధ్యలో ఒకరు "నేనిక చెయ్యను" అని లేస్తారు, కాసేపటికి రెండోవారూ లేస్తారు. అప్పుడు ఆ మూడోవాడు ఏం చేస్తాడు? 40 మందిలో చివరిదాకా వెళ్లింది నలుగురే. అదే బోర్డు, అవే స్విచ్‌లు, అదే కోటు. నలుగురితో నారాయణా అనేవాడు గుంపు ఎటుంటే అటే వెళతాడని మనకి తెలిసిందే. కానీ ఆ గుంపు ఇద్దరైతే చాలని నేనెప్పుడూ అనుకోలేదు. మరి మనిషి స్వభావం ఏది? ఆ 26 మందిదా, లేచి వెళ్లిపోయిన 36 మందిదా?

కొందరు ఇంకో మాటంటారు, జంతువులే నయం అని. ప్రేమతో అంటారు, కాదనను. జేన్ గుడాల్ కూడా మొదట్లో అట్లాగే అనుకున్నారు. 1960లో ఆఫ్రికాలో గోంబే అడవికి వెళ్లి చింపాంజీల మధ్య ఏళ్ల తరబడి గడిపారు. మనకన్నా మంచివి అనిపించాయట. 1974లో ఒకప్పుడు కలిసి తిరిగిన గుంపే రెండుగా చీలి కొట్టుకోవడం మొదలైంది. నాలుగేళ్లు సాగింది. ఒంటరిగా దొరికిన దాన్ని నలుగురైదుగురు పట్టుకుని చచ్చేదాకా కొట్టడం. ఒక గుంపు మొత్తం పోయింది. ఆ దృశ్యాలు చాలాకాలం తన నిద్రలోకి వచ్చేవని ఆవిడే చెప్పుకున్నారు. చింపాంజీల మీద నిరాశ పడ్డ మనిషి ఆవిడ! అయినా వాటిని వదిలిపెట్టి రాలేదు. 2025లో కన్నుమూసేదాకా వాటి కోసమే తిరిగారు.

సరే. పేర్లు పెట్టేస్తే లెక్క తేలిపోతుందా అంటే, తేలదు. అందరిలోనూ ఉన్న లోపం ఒకటి ఉంది. దాన్ని దాటవేసి మాట్లాడితే నేను మిమ్మల్ని మోసం చేసినవాణ్ణవుతాను.

హెన్రీ టాష్‌ఫెల్ అనే ఆయన పోలండ్‌లో పుట్టిన యూదు. ఫ్రాన్స్‌లో చదువుకుంటుండగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫ్రెంచి సైన్యంలో చేరి జర్మన్లకి పట్టుబడ్డాడు. తను పోలిష్ యూదునని తెలిస్తే ప్రాణం దక్కదు. ఫ్రెంచివాడిగానే చలామణీ అయ్యి ఎట్లాగో బయటపడ్డాడు. తిరిగొచ్చేసరికి ఇంట్లోవాళ్లు దాదాపు ఎవరూ మిగల్లేదు. ఆ తర్వాత జీవితమంతా ఒకటే ప్రశ్న: మనవాడు, పరాయివాడు అన్నది ఎక్కడ మొదలవుతుంది?

దానికాయన ఒక పథకం వేసుకున్నాడు. ఏ కారణమూ లేని గుంపులు తయారుచేద్దాం, అక్కడ పక్షపాతం సున్నా ఉంటుంది కదా, ఆ సున్నా నుంచి మెల్లగా ఒక్కో కారణం కలుపుకుంటూ వెళదాం అని. ఇంగ్లండ్‌లో 14, 15 ఏళ్ల స్కూలు పిల్లల్ని పిలిచాడు. క్లే, కాండిన్‌స్కీ అని ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, నువ్వు క్లే గుంపు, నువ్వు కాండిన్‌స్కీ గుంపు అని చెప్పారు. వాస్తవానికి ఎవర్ని ఎందులో వేశారన్నది చీట్లు తీసినట్టే. తన గుంపులో ఎవరున్నారో కూడా ఏ పిల్లాడికీ తెలియదు. తర్వాత ఒక్కొక్కణ్ణీ విడిగా కూర్చోబెట్టి, ఇరుపక్షాల్లో ఒక్కొక్కరికి కాస్త డబ్బు పంచమన్నారు. తనకేమీ రాదు, వేరేవాళ్లకి పంచడమే.

సున్నా రాలేదు. ఆ పిల్లలు అప్పుడే తమ గుంపుకి ఎక్కువ వేయడం మొదలుపెట్టారు. అదైనా అర్థం చేసుకోవచ్చు. ఒక పట్టికలో ఒక కొసన మనవాడికి 19, అవతలివాడికి 25 వస్తాయి. ఇంకో కొసన మనవాడికి 7, అవతలివాడికి 1. మనవాడికి ఎక్కువ రావాలంటే 19 దగ్గర గీత పెట్టాలి కదా. పిల్లలు అటు పోలేదు. మనవాడికి తగ్గినా ఫర్వాలేదు, అవతలివాడికన్నా పైన ఉంటే చాలు అన్న వైపే మొగ్గారు. నాకు ఒక కన్ను పోయినా సరే, పక్కవాడికి రెండు కళ్లూ పోవాలి అన్నవాడి కథ మనం చిన్నప్పుడు నవ్వుతూ విన్నాం. అది ఒక బొమ్మ వల్ల, పది నిమిషాల్లో, ఏ పగా లేని స్కూలు పిల్లల్లో బయటపడింది.

నేను దీన్ని తేలిగ్గా తీసుకోలేను. నిజంగా జాతి మొత్తానికి వర్తించే నిరాశ ఏదైనా ఉంటే ఇదే. ఇది మీలో ఉంది, నాలో ఉంది. అయితే టాష్‌ఫెల్ పిల్లలు ఎవర్నీ కొట్టలేదు. పట్టికలో గీత పెట్టారంతే. ఆ గీత దగ్గర్నుంచి నాజీల గ్యాస్ గదుల దాకా వెళ్లడానికి మధ్యలో చాలామంది కావాలి. జాబితాలు టైపు చేసేవాళ్లు, రైళ్ల టైములు చూసేవాళ్లు, సంతకాలు పెట్టేవాళ్లు. వాళ్లు పుట్టుకతో రారు. ఎవరో ఉద్యోగంలో పెడతారు. ఇక్కడ మళ్లీ పేర్లు అవసరమవుతాయి.

ఒక నగరం గురించి చెప్పాలి. రష్యాలోని లెనిన్‌గ్రాడ్. 1941 సెప్టెంబరు నుంచి 872 రోజులు జర్మన్ సైన్యం దాన్ని చుట్టుముట్టి ఆకలితో మాడ్చింది. ఆ మొదటి చలికాలంలో ఒక దశలో చాలామందికి రోజు మొత్తానికి ఇచ్చింది 125 గ్రాముల రొట్టె. అదీ సగం పొట్టూ రంపపు పొడీ. 8 లక్షల మందికి పైగా చనిపోయారు. మనిషి మాంసం తిన్న నేరం మీద అరెస్టయినవాళ్లే దాదాపు రెండు వేల మంది ఉన్నారు. అదే నగరంలో, అదే చలికాలంలో, విత్తనాల పరిశోధన సంస్థ ఒకటుంది. నికోలాయ్ వావిలోవ్ అనే శాస్త్రవేత్త దేశదేశాలు తిరిగి సేకరించిన గోధుమ, వరి, బఠాణీ, బంగాళాదుంప, లక్షల కొద్దీ నమూనాలు. బయట జనం బెల్టుల తోలు ఉడకబెట్టుకుంటున్నారు. లోపల ఉద్యోగులు వంతులవారీగా ఆ గింజలకి కాపలా కాస్తున్నారు, ఎలుకల నుంచి, దొంగల నుంచి, తమ నుంచి కూడా. వరి సేకరణ చూసే ద్మిత్రీ ఇవనోవ్ ఆకలితో చనిపోయాడు. ఆయన గదిలో కొన్ని వేల వరి పొట్లాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వేరుశనగ చూసే షుకిన్ తన బల్ల దగ్గరే పోయాడు. వేరుశనగ! నోట్లో వేసుకుంటే చాలు, వండక్కర్లేదు.

మరి వావిలోవ్ ఎక్కడున్నాడు ఆ సమయానికి? జైల్లో. 1940లోనే స్టాలిన్ పోలీసులు పట్టుకుపోయారు. వంశపారంపర్యం గురించి ఆయన నమ్మిన శాస్త్రం, అధికారంలో ఉన్నవాళ్లు మెచ్చిన లైసెంకో అనే వ్యవసాయ శాస్త్రవేత్తకి నచ్చలేదు. లోకం ఆకలి తీర్చాలని విత్తనాలు పోగేసిన మనిషి 1943 జనవరిలో సరాతోవ్ జైల్లో తిండి చాలక చనిపోయాడు.

దీన్ని మనిషి జాతి గొప్పతనం కింద రాయాలా, నీచత్వం కింద రాయాలా? ముప్ఫై ఏళ్లు ఆలోచించాను, ఏ నోట్సులోనూ ఒక్క శీర్షిక కింద పెట్టలేకపోయాను. ఇవనోవ్ అని, లైసెంకో అని విడివిడిగా రాస్తే కుదురుతోంది.

ఇంకొక్క మనిషి గురించి చెప్పి ఆపుతాను, టైమైపోయిందని సైగ చేస్తున్నారు.

అలీ మావ్ మాలిన్. సోమాలియాలో మెర్కా అనే ఊళ్లో ఆస్పత్రి వంటవాడు. 1977 అక్టోబరు. మశూచిని భూమ్మీద నుంచి తుడిచెయ్యడానికి పదేళ్లుగా దేశదేశాల ఆరోగ్య కార్యకర్తలు పడ్డ పాటు చివరికొచ్చింది. ఒకరోజు మశూచి సోకిన ఇద్దరు పిల్లల్ని జీపులో తీసుకొచ్చి, ఎటు వెళ్లాలని దారి అడిగారు. మాలిన్ జీపెక్కి కాస్త దూరం దారి చూపించాడు. అంతే, అంటుకుంది. ఆస్పత్రిలో పనిచేసేవాడే, టీకా వేసుకుని ఉండాలి. వేసుకోలేదు. సూది నొప్పెడుతుందేమోనని భయపడి తప్పించుకున్నాడు. జ్వరం వస్తే మొదట మలేరియా అన్నారు, తర్వాత ఆటలమ్మ అన్నారు. ఆ లోపల చూడ్డానికి ఎంతమంది వచ్చి వెళ్లారో. తేలాక వాళ్లనందరినీ వెతికి వెతికి పట్టుకుని టీకాలు వేశారు. ఎవరికీ రాలేదు. మామూలుగా సోకిన మశూచి కేసుల్లో ప్రపంచంలో అదే ఆఖరుది. ఇరవయ్యో శతాబ్దంలోనే దాదాపు 30 కోట్ల మందిని చంపిన జబ్బు.

ఆయన బతికాడు. నేనైతే ఆ సంగతి ఎక్కడా ఎత్తేవాణ్ణి కాదు. సైకిలు సంగతే ఇన్నేళ్లు దాచుకున్నాను. మాలిన్ ఏళ్ల తర్వాత పోలియో చుక్కల పనిలో చేరాడు. పిల్లలకి వద్దన్న తల్లిదండ్రుల ముందు కూర్చుని, "ఆ మశూచి చివరగా వచ్చింది నాకే, సూదికి భయపడి టీకా ఎగ్గొట్టినవాణ్ణి నేనే" అని చెప్పేవాడు. అదొక్కటే ఆయన దగ్గరున్న ఉపన్యాసం. 2013లో అక్కడ పోలియో మళ్లీ తల ఎత్తితే, వయసు మీద పడ్డా మళ్లీ ఆ పనిమీదే బయలుదేరాడు. ఆ జులైలో జ్వరమొచ్చి చనిపోయాడు. ఈసారి మలేరియానే.

ప్రశ్నలుంటే అడగండి. వెనక నుంచి రెండో వరసలో ఆ అమ్మాయి కూర్చుని ఉంది, ఇందాకటి నుంచి నన్నే చూస్తోంది. ముందు మైకు ఆమెకివ్వండి.